మూడో కొలత

ఆ యంత్రం హైమవతి చేతిని వద్దంది.

నోరు తెరిచి చెప్పలేదు లెండి, యంత్రాలకి అంత మర్యాద ఎక్కడిది. తెర మీద పచ్చగీత ఒకటి పాకుతూ వచ్చి, కాసేపు తటపటాయించి, చదునుగా పడుకుండిపోయింది. సదాశివం గబగబా తీగలు సరిచేశాడు. భార్య వేళ్ళకున్న పల్చటి తొడుగు తీసి మళ్ళీ తొడిగాడు. గిన్నెలో కిరోసిన్ పారబోసి డీజిల్ పోశాడు. గీత లేవలేదు. అప్పుడతను ఆమె చేతిని వెలుతురులోకి తిప్పి, వేలి కొసలు తడిమి, "నీ వేళ్ళు మొద్దుబారిపోయాయి హైమా, దీనికి పనికిరావు" అన్నాడు. ఏదో గాజు గొట్టం పగిలిందని చెప్పినంత మామూలుగా అన్నాడు.

ఆ మాట అతను ఆ సాయంత్రానికే మర్చిపోయాడు. ఆవిడ మర్చిపోలేదు.

మర్చిపోయేంత చిన్న మాటా అది? నల్లరేవు రిఫైనరీలో నూనెల ఉష్ణగుణాలు కొలిచే ప్రయోగశాలకి ఇరవై ఏళ్ళకి పైగా హైమవతే పెద్దదిక్కు. ఆ వేళ్ళు ఊరికే కూర్చుని మొద్దుబారలేదు. వేడి నూనె చిందితే కాలాయి, తారు అంటినప్పుడల్లా ద్రావకంతో రుద్దుకుంటే పొరలు లేచాయి, ప్లాటినం తీగలు బిగించీ బిగించీ కాయలు కాశాయి. ఏ పనికోసం అరగదీసుకుందో ఆ పనికే పనికిరావని తేల్చేశారు, అదీ మొగుడు.

నల్లరేవుకి వచ్చే ఏ రెండు ఓడల్లోనూ ఒకే రకం ముడినూనె ఉండదు. ఒకటి నీళ్ళలా పల్చగా ఉంటే ఇంకొకటి మైనం పట్టి కదలనంటుంది. దాన్ని కొలిమిలోకి పంపే ముందు కొన్ని సంగతులు తెలిసి తీరాలి. ఒక డిగ్రీ పెరగడానికి అది ఎంత వేడిని తాగుతుంది, తనలోంచి వేడిని ఎంత తొందరగా సాగనిస్తుంది, ఎక్కడికి చేరితే దాని ఆవిరి అంటుకుంటుంది. లెక్క తప్పితే కొలిమి గొట్టాల్లో నూనె మాడి బొగ్గై పేరుకుంటుంది. సరిగ్గా కొలవాలంటే ఒక రోజు పని. సాంద్రతా, మరిగే ఉష్ణోగ్రతా తెలిస్తే పట్టికలు చూసి చిటికెలో అంచనా వెయ్యొచ్చు, కానీ మైనం ఎక్కువున్న నూనె వస్తే ఆ అంచనా బోల్తా కొడుతుంది. కొలతంత నమ్మకంగా, అంచనా అంత తొందరగా ఉండేదేదైనా కావాలని రిఫైనరీ వాళ్ళు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు.

సదాశివం అక్కడే పరికరాలు తయారుచేసే విభాగంలో ఇంజనీరు. ఏళ్ళ తరబడి తిండీ నిద్రా మాని ఈ యంత్రాన్ని తయారుచేసి దానికి స్పర్శిని అని పేరు పెట్టుకున్నాడు. వేళ్ళకి ఉల్లిపొర లాంటి తొడుగు, మణికట్టుకి ఒక పట్టీ. వేళ్ళు నూనెలో ముంచగానే తొడుగులోని సన్నటి తీగ ఒక్కసారి వేడెక్కి ఆగుతుంది. ఆ వేడిని నూనె ఎలా పుచ్చుకుందో తీగ చెబుతుంది. మనిషి నరానికి అది ఎలా తోచిందో పట్టీ వింటుంది. రెండూ కలుపుకుని యంత్రం నేర్చుకుంటుంది. సమీకరణాలకి అందనిది నరానికి అందుతుందని సదాశివం వాదన. ఆ వాదన నిజమే అని తేలింది. తేల్చింది మాత్రం హైమవతి చెయ్యి కాదు, లోహిత చెయ్యి.

లోహిత ప్రయోగశాలలో అందరికంటే చిన్నది. కొడుకు పుట్టాక సెలవు ముగించుకుని అప్పుడే ఉద్యోగంలోకి తిరిగొచ్చింది. ఆ రోజు కాయితాల మీద సంతకం కోసం సదాశివం గదికి వెళితే, సరదాకి ఒకసారి పెట్టి చూడమ్మా అని అతను తొడుగు తొడిగాడట. గిన్నెలో వేళ్ళు పెట్టిందో లేదో, గీత తెర పైఅంచు దాకా లేచి నిలబడింది. సదాశివం కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడని హైమవతికి మధ్యాహ్నానికల్లా నలుగురు చెప్పారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన చప్పట్లు కొట్టగా ఆవిడ ఒక్కసారీ చూడలేదు.

ఇక అక్కణ్ణించి ఇంట్లో, ఆఫీసులో ఒకటే భజన. లోహిత ఇవాళ నాఫ్తాని ఇలా పోల్చింది, లోహిత డీజిల్లో కలిసిన కిరోసిన్ని అలా పట్టేసింది. పోల్చుకున్న గుణాలకి వాళ్ళిద్దరూ పేర్లు కూడా పెట్టుకున్నారు. తొందరగా వేడెక్కేది తొందరపాటు నూనె, తారు కలిసింది మొండిఘటం, మైనం నూనె బద్ధకస్తురాలు. వాళ్ళిద్దరూ ఆ మాటలు అనుకుని నవ్వుకుంటుంటే హైమవతి తన బల్ల దగ్గర కూర్చుని నవ్వు ముఖం పెట్టుకునేది. లోపల మాత్రం భగ్గుమనేది.

ఆవిడ అసూయ మీరనుకునే రకం కాదు. సదాశివం ఎలాంటివాడో ఆవిడకి తెలుసు, లోహిత అతనికి కూతురు వయసు పిల్ల, అతను నోరారా అమ్మా అని పిలుస్తాడు. మొగుడు ఆ పిల్ల మణికట్టు పట్టుకుని పట్టీ బిగిస్తున్నప్పుడు ఆవిడ కళ్ళు అటే పోయేవి నిజమే, కానీ మండింది అందుకు కాదు. భోజనాల దగ్గర ఇన్నేళ్ళూ అతను ప్రతి నూనె గురించీ ఆవిణ్ణి అడిగేవాడు. హైమా, ఇది ఎలా ఉంటుందంటావ్ అని కంచంలో చెయ్యి ఆపి మరీ అడిగేవాడు. ఆవిడ చెబితే వినేవాడు. ఇప్పుడు అడగడం లేదు. ఆ ప్రశ్న ఆ పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. మనిషిని ఎత్తుకుపోతే నలుగురిలో పెట్టి అడగొచ్చు, ప్రశ్నని ఎత్తుకుపోతే ఎవరితో చెప్పుకుంటారు?

దానికి తోడు కొత్త పని ఒకటి అంటగట్టారు. లోహిత ఒక్క క్షణంలో చెప్పిన అంకెని హైమవతి పాత పద్ధతిలో రోజంతా కొలిచి, సరిపోయిందని రాసివ్వాలి. ఇదివరకు ఆవిడ కొలిచిందే ప్రమాణం. ఇప్పుడు ఆవిడ, పిల్లలు చేసిన లెక్కల కింద టిక్కు పెట్టే పంతులమ్మ.

తీగతో కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. తీగ వేడెక్కిన మొదటి క్షణంలోనే అంకె తీసుకోవాలి. ఆలస్యమైతే తీగ చుట్టూ ఉన్న నూనె వేడెక్కి పైకి లేచి కదలడం మొదలుపెడుతుంది. అప్పుడు మనం కొలిచేది నూనె గుణాన్ని కాదు, దాని అలజడిని. ఇది హైమవతి కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజే చెప్పే పాఠం. ఒకరోజు ఆవిడే తప్పింది. అద్దం అవతల సదాశివం, లోహిత ఏదో చూసి పకపకా నవ్వుతున్నారు, ఆవిడ అటు చూస్తూ ఆలస్యం చేసింది. అంకె ఎక్కువొచ్చింది. లోహితదే తప్పని నలుగురిలో కాస్త గట్టిగానే అంది. మళ్ళీ కొలిస్తే లోహిత అంకే వచ్చింది.

"ఫర్లేదక్కా, ఒక్కోసారి అలా ఎక్కువొస్తుంది" అంది లోహిత. ఆ పిల్ల నిజంగా ఓదార్చడానికే అంది. హైమవతికి తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల గర్విష్ఠి అయినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుగా ఉండేది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో అందరూ టీ తాగుతున్నారు. అక్కడి స్టీలు గ్లాసుల్లో టీ పొగలు కక్కుతూ ఇస్తారు, అందరూ గ్లాసు అంచు రెండు వేళ్ళతో పట్టుకునో చేతిరుమాలు చుట్టుకునో తాగుతారు. లోహిత గ్లాసుని అరచేత్తో నిండుగా పట్టుకుని, కొడుక్కి పన్ను వస్తున్న సంగతి చెబుతోంది. చెబుతూ చెబుతూ తాగడం మర్చిపోయింది. గ్లాసు కింద పెట్టాక చూస్తే అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. ఆ పిల్ల దాన్ని చీరకి తుడుచుకుంది, తడి అంటిందనుకుని.

ఎవరూ చూడలేదు. ఆ చేతుల వైపు పొద్దస్తమానం చూసే మనిషి ఒక్కతే ఉంది కాబట్టి ఆవిడే చూసింది.

మర్నాడు హైమవతి ఒక పని చేసింది. రెండు సీసాల్లో నీళ్ళు పోసింది, ఒకటి కుళాయి నీళ్ళు, రెండోది బాగా వెచ్చనివి. లోహితని పిలిచి, ఆ బల్ల మీద వెచ్చగా ఉన్న సీసా అందుకోమంది. లోహిత రెండూ ముట్టుకుంది. కొంచెం ఆగింది. మళ్ళీ ముట్టుకుంది. చన్నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చి, నవ్వి వెళ్ళిపోయింది.

హైమవతి ఆ సీసా పట్టుకుని నిలబడిపోయింది. సంగతి ఆవిడకి అర్థమైంది. యంత్రం ఆ పిల్ల నరం నుంచి నేర్చుకోవడమే కాదు, దాన్ని తనవైపు తిప్పేసుకుంటోంది. తొడుగు ఉంటేనే వేడి తెలుస్తోంది, తొడుగు తీస్తే చెయ్యి కొయ్య. ప్రతి సోమవారం యంత్రాన్ని ప్రమాణ ద్రవంలో పెట్టి సరిచూస్తున్నారు, తీగని సరిచూస్తున్నారు, పట్టీని సరిచూస్తున్నారు. చేతిని సరిచూడాలని ఒక్కరికీ తోచలేదు.

అప్పుడు హైమవతికి ఏమనిపించిందో దాచడమెందుకు? సంతోషం వేసింది. ఎన్నో రోజుల తర్వాత ఒళ్ళంతా తేలికైనట్టయింది. పనికిరాని వేళ్ళు ఎవరివో ఇప్పుడు చెప్పండి అని మనసులోనే మొగుణ్ణి అడిగింది. ఆ సంతోషం వెనకే సిగ్గు కూడా వచ్చింది, కానీ సంతోషం వచ్చినంత తొందరగా రాలేదు.

చెప్పెయ్యాలి కదా? చెప్పకుండా ఉండటానికి ఆవిడకి ఒక సాకు దొరికింది. ఆ ప్రయోగశాలలో ఆవిడే పెట్టిన నియమం ఒకటుంది. ఏ అంకె అయినా మూడు వేర్వేరు రోజుల్లో, మూడు కొత్త నమూనాల మీద కొలిచి చూశాకే బయటికి రావాలి. ఒకసారి వచ్చింది పొరపాటు కావచ్చు, రెండోసారి వచ్చింది అలవాటు కావచ్చు, మూడోసారి వస్తేనే కొలత. ఆ నియమం మీద ఆవిడకున్న పట్టుదల చూసి కుర్రవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. ఇప్పుడది ఎంత చక్కగా కలిసొచ్చిందో చూడండి. ఇంకా రెండు కొలతలున్నాయి, తొందరేముంది?

ఆ సాయంత్రం భోజనాల దగ్గర సదాశివం ఉత్సాహంగా కబురు చెప్పాడు. డైరెక్టరుగారు ఒప్పుకున్నారట. వచ్చే బుధవారం లోహిత వేళ్ళలో, మణికట్టులో తీగలు చర్మం కిందికి పంపి యంత్రంతో శాశ్వతంగా కలుపుతారట. ఇక తొడుగులూ పట్టీలూ అక్కర్లేదు, యంత్రం రెండింతలు తొందరగా నేర్చుకుంటుంది. లోహిత సరేనందా అని ఆవిడ అడిగింది. ఎగిరి గంతేసింది, జీతం కూడా పెంచుతున్నారు అన్నాడతను.

హైమవతి పెరుగు వడ్డిస్తూ, "మీరెప్పుడైనా ఆ పిల్ల చేతిని సరిచూశారా?" అంది.

"చెయ్యేం చేస్తుంది? మనకి చెయ్యే కదా ప్రమాణం" అని నవ్వాడు సదాశివం. తర్వాత నవ్వు ఆపి, ఆవిడ ముఖంలోకి చూసి, "నువ్వు ఏదో ఒక వంక వెతుకుతావని నాకు తెలుసు హైమా. ఆ పిల్లని చూస్తే నీకు పడటం లేదు" అన్నాడు.

నిజమే, పడటం లేదు. ఆ నిజం అతని నోట వినేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు చెబితే కుళ్ళుకొద్దీ చెప్పింది అంటాడు. చెప్పకపోతే మటుకు ఎవరికి నష్టం, నాకా? అనుకుంది. గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాలేదు.

రెండో కొలత శుక్రవారం తీసింది. ఈసారి సీసాలు కాదు, వేడి తగ్గని ఇనుప పళ్ళెం ఒకటి బల్ల మీద పెట్టి, దాని పక్క కాయితాలు తెమ్మంది. లోహిత పళ్ళెం మీద చెయ్యి ఆన్చి వంగి కాయితాలు తీసుకుంది. ఎడమ చెయ్యి అది, తొడుగు ఎప్పుడూ తొడగని చెయ్యి. ఆ చేతికీ తెలియలేదు. మెదడులో వెచ్చదనాన్ని గుర్తుపట్టే చోటే యంత్రం వైపు మళ్ళిపోయిందన్నమాట. హైమవతికి ఈసారి సంతోషం రాలేదు. అయినా నోరు మెదపలేదు. ఇంకొక్కటి, సోమవారం చూసి, మంగళవారం చెప్పేస్తే బుధవారం లోపల ఆగిపోతుంది కదా అని సర్దిచెప్పుకుంది. ముందురోజు మీటింగులో డైరెక్టరుగారూ పెద్దలూ అందరూ వచ్చి కూర్చున్నాక, తను కొలతలతో సహా లేచి చెబుతుంటే సదాశివం ముఖం ఎలా ఉంటుందో కూడా ఊహించుకుంది. ఆ ఊహ ఆవిడకి రుచిగానే ఉంది.

ఆదివారం లోహిత కొడుక్కి అన్నప్రాశన. కొద్దిమందినే పిలిచారు. సదాశివం ఆఫీసులో చిన్న పనుండి అటునుంచి అటే వస్తానన్నాడు, హైమవతి ముందుగా వెళ్ళింది. వెండి గిన్నె ఒకటి కొనుక్కుని వెళ్ళింది. కుళ్ళుకున్నా మర్యాద మర్యాదే.

లోహిత మొగుడు హార్బరులో క్రేను నడుపుతాడు, పంతులుగారిని తీసుకురావడానికి వెళ్ళాడు. అత్తగారు పైడమ్మ వంటింట్లోంచే పలకరించింది. "రండమ్మా, కూకోండి. ఇయాల బాబుకి లోహితే నీళ్ళు పోత్తంది. నాను కదిల్తే పరమాన్నం అడుగంటేత్తాది" అంది. మామూలుగా పిల్లాడికి స్నానం చేయించేది ఆవిడే. అందుకే ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ తెలియలేదు.

హైమవతి పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. లోహిత పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపుకుని, కాళ్ళ మీద కొడుకుని పడుకోబెట్టుకుంది. ఒంటినిండా నూనె రాసి నలుగు పెడుతోంది. వాడు తల్లి బొటనవేలు పట్టుకుని ఏదో గొప్ప సంగతి చెబుతున్నాడు. పక్కన బకెట్లో కాగిన నీళ్ళు, వాటిలో కాసిని చన్నీళ్ళు పోసింది. చెయ్యి ముంచి గుండ్రంగా తిప్పింది. అందరు తల్లులూ చేసేదే. ముంచి, తల ఊపి, "రా నాన్నా, నీళ్ళు హాయిగా ఉన్నాయి" అని చెంబు ముంచింది.

బకెట్ మీద ఆవిరి గుమ్మం దాకా కనిపిస్తోంది.

హైమవతి చూసింది. చూసిన ఆ క్షణంలో ఆవిడకి వచ్చిన మొదటి ఆలోచన, ఇది మూడో కొలత, అని.

ఆ తర్వాతే కాళ్ళు కదిలాయి. ఎలా వెళ్ళిందో, చీర కుచ్చిళ్ళు ఎక్కడ తట్టుకున్నాయో తెలియదు, చెంబు వంగేసరికి తన ముంజెయ్యి అడ్డం పెట్టింది. నీళ్ళు చాలామటుకు ఆవిడ చేతి మీద పడ్డాయి. పనికిరాని వేళ్ళు కూడా అమ్మో అన్నాయి. చేతి పక్కనుంచి జారిన కాసిని నీళ్ళు పిల్లాడి కాలి మీద పడ్డాయి. వాడు ఊపిరి బిగబట్టాడు. తర్వాత ఆ ఏడుపుకి పైడమ్మ పొయ్యి మీద పరమాన్నం వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

చన్నీళ్ళు పోశారు, వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. పాదం మీద చిన్న బొబ్బ, పది రోజుల్లో మానిపోతుందన్నారు. హైమవతి చేతికి కట్టు కట్టారు. తిరిగొచ్చాక పిల్లాడు పైడమ్మ భుజం మీద నిద్రపోయాడు. లోహిత ఏడవలేదు. పెరట్లోకి వెళ్ళి, ఆ బకెట్లో ఇంకా చల్లారని నీళ్ళలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. చెయ్యి బయటికి తీసినప్పుడు ఎర్రగా ఉంది, ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"అక్కా" అంది. "నేను చెయ్యి పెట్టి చూశాను కదా. మీరు గుమ్మంలో ఉన్నారు. నేను చూశాక కూడా ఎందుకు పరిగెత్తుకొచ్చారు?"

హైమవతికి అబద్ధం దొరకలేదు. ఆవిరి చూశాను అందామనుకుంది. ఆ పిల్ల తన దగ్గర పని నేర్చుకున్న పిల్ల, ఏది సాకో ఏది కారణమో తెలిసిన పిల్ల.

"రెండుసార్లు చూశాను లోహితా. సీసాలతో ఒకసారి, పళ్ళెంతో ఒకసారి. మూడోసారి చూసి చెబుదామనుకున్నాను."

లోహిత అర్థమైనట్టు తల ఊపింది. ఆ నియమం ఆమెకి తెలుసు, నేర్పింది హైమవతే.

"మూడోసారి నా కొడుకు మీద చూశారా మేడమ్?"

హైమవతి సదాశివం వచ్చి పిలిచేదాకా ఆ పెరట్లోనే నిలబడింది.

ఇంటికి వెళ్ళాక మొత్తం ఆవిడే చెప్పింది, తన సంతోషంతో సహా. సదాశివం తిట్టలేదు. తలుపు గడియ మీద చెయ్యి పెట్టుకుని నాకెందుకు చెప్పలేదు అని మాత్రం అడిగాడు. "మీరు నన్ను అడగడం మానేశారు" అంది హైమవతి. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆ చేతిని సరిచూడాల్సిన మొదటి మనిషి తనేనని అతనికి ఇంకా బాగా తెలుసు.

శాశ్వతంగా కలపడం ఆగిపోయింది. పెద్ద ఆసుపత్రిలో పరీక్షలు చేశారు. మొదట్లోనే, రెండో చేతికి పాకకముందే ఆపి ఉంటే తప్పకుండా తిరిగి వచ్చేది, ఇప్పుడు చెప్పలేం, కొంచెం రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు నరాల డాక్టరు. ఎవరు వింటున్నారో ఆయనకి తెలియదు. హైమవతి లోహిత పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. మొదట్లో అంటే ఎప్పుడో ఆవిడ లెక్క కట్టుకుంది. సీసాల రోజు అది. ఆ రోజు ఆవిడ సంతోషంగా ఉంది.

యంత్రానికి మాత్రం ఏ లోటూ రాలేదు. నేర్చుకోవలసింది అప్పటికే నేర్చేసుకుంది. ఇప్పుడు మనిషి చెయ్యి లేకుండానే ఏ నూనెలో ముంచినా క్షణంలో చెబుతుంది, ఎప్పుడూ తప్పదు. డైరెక్టరుగారు దాన్ని కొలిమి పక్కనే పెట్టించడానికి ఏర్పాట్లు చేస్తున్నారు. అది చెప్పే ప్రతి అంకెలోనూ లోహిత వెచ్చదనం ఉంది, అది లోహిత దగ్గర మాత్రం లేదు.

యంత్రాన్ని కొలిమి దగ్గరికి తరలించే ముందురోజు లోహిత ప్రయోగశాలకి వచ్చింది. చంకలో కొడుకు. ఎవరినీ పలకరించకుండా తిన్నగా సదాశివం దగ్గరికి వెళ్ళి, ఒక్కసారి తొడుగు తొడగమంది. ఆయన కాదనలేకపోయాడు. పట్టీ కూడా తనే బిగించాడు. లోహిత పిల్లాడి చొక్కా పైకి తీసి, తొడుగున్న వేళ్ళు వాడి వీపు మీద ఆన్చి కళ్ళు మూసుకుంది.

గీత లేచి నిలబడింది. తెర మీద అంకెలు దొర్లాయి. యంత్రానికి నూనెలు తప్ప ఇంకేమీ తెలియదు, కాబట్టి తనకి తెలిసిన నూనెల్లో వెతకడం మొదలుపెట్టింది. కాసేపు వెతికి, దగ్గరలో ఉన్నదేదో పట్టుకుంది.

"తెలుస్తోందా అమ్మా?" అన్నాడు సదాశివం ఆశగా.

"తెలుస్తోంది సార్" అంది లోహిత కళ్ళు తెరిచి. "వేసవిలో వచ్చిన మైనం నూనెలా ఉన్నాడు."

తొడుగు తానే తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత తిరిగి, మూల బల్ల దగ్గర నిలబడ్డ హైమవతి దగ్గరికి వచ్చి పిల్లాణ్ణి అందించింది. "మీరు ఎత్తుకోండి మేడమ్. ఎత్తుకుని, ఎలా ఉన్నాడో చెప్పండి" అంది.

హైమవతి ఎత్తుకుంది. వాడు మనిషి మార్పు పట్టించుకోకుండా, నిద్రమత్తులో ఆవిడ మెడ వంపులో చెంప ఆన్చాడు. చొక్కా పైకి జరిగిన వీపు ఆవిడ అరచేతికి తగిలింది. ఇన్నేళ్ళూ వేడి అన్నదానికల్లా అంకె కట్టిన మనిషి, ఎన్ని రకాల నూనెల సంగతి అడిగినా తడుముకోకుండా చెప్పిన మనిషి.

"వెచ్చగా ఉన్నాడమ్మా" అంది చివరికి.

"అంటే?"

హైమవతి దగ్గర ఇంకో మాట లేదు. లోహిత ఆవిడ ముఖం వైపు చూడటం లేదు. కొడుకు వీపు మీద ఉన్న ఆ మొద్దు వేళ్ళ వైపు, రెప్ప వెయ్యకుండా, పెదవి పళ్ళ మధ్య బిగించి చూస్తోంది. ఆ చూపు పేరేమిటో హైమవతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇన్ని నెలలూ తను ఆ పిల్ల చేతుల వైపు చూసింది అలాగే.

"చాల్లెండి, ఇంక ఇలా ఇవ్వండి" అంది లోహిత.